అరిగిన ముందంచు: గాలిమర రెక్క పైపూత మరమ్మతు

గాలికి రాయి కరగాలంటే యుగాలు పడుతుంది. మరి నిలబెట్టి పదేళ్లు కూడా కాని గాలిమర రెక్క అంచు గాలికి ఎలా అరిగిపోతుంది? రాయలసీమలోని ఆలూరు, ఆస్పరి మండలాల మెట్టపొలాల్లో ఎత్తైన మరలు లేచాక వాటి కింద సేద్యం చేసుకునేవాళ్లకు ఈ ప్రశ్న సహజంగానే వస్తుంది. ఎండు రోజుల్లో, గాలి పడిపోయినప్పుడు ఒక మరను ఆపేస్తారు. ఒక రెక్కను నిట్టనిలువుగా కిందికి దించి పెడతారు. పైనుంచి ఇద్దరు మనుషులు తాళ్లకు వేలాడుతూ ఆ రెక్క అంచును గీకుతూ, రుద్దుతూ, ఏదో పూస్తూ రోజంతా గడుపుతారు. ఊళ్లలో ఫ్యాన్లు అని పిలిచే ఈ మరల్లో పాడయ్యేది లోపలి యంత్రమేనని చాలామంది అనుకుంటారు. కానీ రెక్క మీది అర మిల్లీమీటరు పూత పాడైనా కరెంటు తగ్గుతుంది. ఆ పూత ఎందుకు పోతుందో, దాన్ని మళ్లీ ఎలా నిలబెడతారో ఈ అధ్యాయం చెబుతుంది.

మెల్లగా తిరిగే మర, దూసుకుపోయే కొస

దూరం నుంచి చూస్తే గాలిమర బద్ధకంగా తిరుగుతున్నట్టు ఉంటుంది. నిమిషానికి 15 చుట్లు, అంటే ఒక చుట్టుకు 4 సెకన్లు. ఇంట్లో ఫ్యాను నిమిషానికి 350 చుట్లు తిరుగుతుంది కాబట్టి అదే వేగమైనదని కన్ను నమ్ముతుంది. కన్ను ఇక్కడ మోసపోతుంది.

గానుగను తలుచుకుంటే సంగతి తేటపడుతుంది. రోలు దగ్గర దూలం కొంచెమే కదులుతుంది. దూలం చివర కట్టిన ఎద్దు మాత్రం అదే చుట్టుకు ఎంతో దూరం నడవాలి. చుట్టు ఒకటే, నడక వేరు. రెండు మెగావాట్ల గాలిమరలో రెక్క పొడవు సుమారు 50 మీటర్లు. దాని కొస ఒక్క చుట్టులో 314 మీటర్లు పోతుంది. నిమిషానికి 15 చుట్ల లెక్కన అది గంటకు 280 కిలోమీటర్లు దాటుతుంది. ఇంటి ఫ్యాను రెక్క కొస వేగం 80 కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఆగిపోతుంది. ఆషాఢంలో గాలి వదలకుండా వీచే ఒక పగలూ రాత్రీ ఆ మర అదే వేగంతో తిరిగితే, దాని రెక్క కొస దాదాపు 6,800 కిలోమీటర్లు ప్రయాణం చేస్తుంది. కశ్మీరు నుంచి కన్యాకుమారికి రోడ్డున వెళ్లి, తిరుగుదారిలో చాలా దూరం వచ్చేసినంత.

కాబట్టి అడగవలసింది గాలి ఎంత గట్టిగా వీస్తోందని కాదు, రెక్క ఎంత వేగంగా గాలిలోకి దూసుకుపోతోందని. గాలి వచ్చి రెక్కకు తగలడం కన్నా రెక్కే వెళ్లి గాలిలో ఉన్నవాటిని ఢీకొట్టడం ఎక్కువ. ఢీకొట్టే బలం వేగంతో పాటు మామూలుగా పెరగదు. వేగం రెట్టింపైతే దెబ్బలో శక్తి నాలుగింతలవుతుంది. ఇంటి ఫ్యాను కొస మీద పడే ధూళి రేణువుతో పోలిస్తే గాలిమర కొస మీద పడే అదే రేణువు 12 రెట్లకు పైగా శక్తితో కొడుతుంది. అందుకే ఇంటి ఫ్యానుకు దుమ్ము అంటుకుంటుంది, గాలిమరకు దుమ్ము కోత పెడుతుంది. రెండింటిలోనూ చోటు మాత్రం ఒకటే: రెక్క ముందుకు సాగే వైపు ఉన్న అంచు. దీన్ని ముందంచు అనుకుందాం, ఇంజనీర్లు లీడింగ్ ఎడ్జ్ అంటారు. దసరాకు ఇల్లు దులిపే ఎవరికైనా ఫ్యాను రెక్క మీద నల్లటి చార ఎటువైపు ఉంటుందో తెలుసు.

కొస దగ్గర వేగం ఎక్కువ కాబట్టి అరుగుదల కూడా అక్కడే ఎక్కువ. రెక్క పొడవును మూడు భాగాలు చేస్తే కొస వైపు ఉన్న మూడో భాగంలోనే మరమ్మతు పని దాదాపు అంతా ఉంటుంది. 1990లలో రాయలసీమలో మొదట మరలు లేచిన చోట్లలో రామగిరి కొండలు ఒకటి. అప్పుడవి అనంతపురం జిల్లాలో ఉండేవి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఆనాటి రెక్కలు ఇప్పటివాటి ముందు చిన్నపిల్లలు. రెక్కలు పొడుగవుతూ కొస వేగం పెరిగే కొద్దీ ముందంచు అరుగుదల ఒక పెద్ద సమస్యగా ముందుకొచ్చింది.

దుమ్ము, చినుకు, పురుగు

రెక్క ఇనుముతో చేసింది కాదు. గాజును సన్నని పోగులుగా లాగి, ఆ గాజునారను గుడ్డలా నేసి, పొరమీద పొర పరిచి, ఎపాక్సీ లాంటి జిగురుతో తడిపి గట్టిపరిస్తే వచ్చే పదార్థంతో చేసింది. పడవలు, నీళ్ల ట్యాంకులు చేసే ఫైబర్ ఇదే. లోపల కొన్నిచోట్ల తేలికైన బాల్సా కర్ర, నురుగు పలకలు ఉంటాయి. పైన ఎండకూ వానకూ ఓర్చుకునే పూత ఉంటుంది. ఆ పూత మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. పది టన్నుల రెక్కకు చర్మం అంతే.

ఆ చర్మాన్ని తినే మొదటి శత్రువు ఈ సీమలో దుమ్మే. నైరుతి గాలి పడమటి కనుమలు దాటేసరికి తన తడినంతా అక్కడే దింపుకొని, ఇటువైపు ఒట్టి చేతులతో వస్తుంది. వాన లేదు కానీ ఊపు తగ్గలేదు. జూన్, జూలై నెలల్లో ఆ గాలి ఊపందుకునే వేళకే పొలాలు దున్ని ఉంటాయి, పైరు ఇంకా నేలను కప్పి ఉండదు. ఎర్రనేలల పొడి, నల్లరేగడి పొడి రెండూ పైకి లేస్తాయి. ఈ ప్రాంతంలో హగరి అని పిలిచే వేదవతి నది ఎండిన ఇసుకను గాలి ఎత్తుకొచ్చి కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు పొలాల్లో దిబ్బలుగా పోయడం తెలిసిన సంగతే. అయితే రెక్కను కోసేది ఆ ఇసుక అని అనుకుంటే పొరపాటు. బరువైన ఇసుక రేణువు నేలను అంటిపెట్టుకొని గెంతుతూ సాగుతుంది, మనిషి ఎత్తు దాటి పోవడం అరుదు. రెక్క కొస ఎంత కిందికి దిగినా నేలకు పదుల మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అంత ఎత్తుకు లేచేది సన్నని ధూళి.

సన్నని ధూళిలోనూ అన్నీ రెక్కకు తగలవు. కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. పొట్టు గాలితో పాటు వంగిపోతుంది, గింజ తన దారిన తాను పోతుంది. రెక్క దగ్గరికి రాగానే గాలి రెండుగా చీలి పైకీ కిందికీ మళ్లుతుంది. మరీ సన్నని రేణువులు పొట్టులా గాలితో మళ్లిపోతాయి. కొంచెం బరువున్నవి మళ్లలేక గింజల్లా నేరుగా వెళ్లి ముందంచుకు కొట్టుకుంటాయి. ఆ రేణువుల్లో క్వార్ట్జ్ ఉంటుంది. అది ఉక్కును కూడా గీకగలిగినంత గట్టిది. జిగురుపూత దానికి ఒక లెక్క కాదు.

రెండో శత్రువు చినుకు. నీటిచుక్క మెత్తనిదని చేతికి తెలుసు. కానీ బావిలో మెల్లగా దిగినవాడికి నీళ్లు మెత్తగా ఉంటాయి, గట్టు మీద నుంచి బోర్లా పడ్డవాడికి అవే నీళ్లు బండలా తగులుతాయి. పక్కకు తప్పుకునే వ్యవధి నీటికి దొరకకపోవడమే కారణం. గంటకు 280 కిలోమీటర్ల వేగంతో వచ్చే రెక్కకు ఎదురుపడ్డ చినుకు కూడా తప్పుకోలేదు. ఆ క్షణంలో, సెకనులో లక్షో వంతు కన్నా తక్కువ కాలం పాటు, అది పడ్డ చోట ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి వెయ్యి రెట్ల స్థాయికి చేరుతుంది. ఒక్క చినుకుతో ఏమీ కాదు. లక్షల చినుకులు అదే చోట కొట్టాక పూత లోపల అలసిపోతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి పుటుక్కున తెగినట్టు, ఒకరోజు సూదిమొనంత పెచ్చు ఊడుతుంది. ఉత్తర ఐరోపా సముద్రాల్లో నిలబెట్టిన మరలకు ఈ వానదెబ్బే ప్రధానం. అందుకే పూతలను పరీక్షించే పద్ధతులు చాలావరకు వాన చుట్టూనే అల్లుకున్నాయి: పూత వేసిన ముక్కను కృత్రిమ వానలో గిరగిర తిప్పి ఎన్ని గంటలకు చెడుతుందో చూస్తారు. దుమ్ము ముందు, వాన తరువాత వచ్చే సీమకు ఆ పరీక్ష సగమే సరిపోతుందని చెప్పాలి. దుమ్ము గరుకు చేసిన చోటే సెప్టెంబరు, అక్టోబరు ఉరుముల వానలో పడే లావు చినుకులకు పట్టు దొరుకుతుంది.

మూడోది పురుగు. దీని కథ చిత్రమైనది. కాలిఫోర్నియాలో కొన్ని మరలు ఒకే గాలికి ఒకరోజు ఎక్కువ, మరోరోజు తక్కువ కరెంటు ఇస్తూ ఇంజనీర్లను తికమక పెట్టాయి. కోర్టెన్, వెల్డ్‌క్యాంప్ అనే ఇద్దరు డచ్చి పరిశోధకులు 2001లో నేచర్ పత్రికలో గుట్టు విప్పారు. గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు ఎగిరే పురుగులు ముందంచుకు తగిలి చితికి అంటుకుంటాయి. గాలి పెరిగినప్పుడు ఆ మరకల గరుకే రెక్కను దెబ్బతీస్తుంది. గట్టి గాలిలో ఉత్పత్తి సగానికి పడిపోయిన సందర్భాలూ ఉన్నాయి. వాన పడితే కడుక్కుపోయి మళ్లీ మామూలవుతుంది. పురుగు పూతను కోయదు, కానీ ఉత్త గరుకుతనం ఎంత పని చేయగలదో దానివల్లే తేటతెల్లమైంది.

గరుకు అంటే గాలికి ఎందుకు పడదు

ఆలూరు తాలూకాలో తుంగభద్ర దిగువ కాలువను ఎల్లెల్సీ అంటారు. కాలువకు సిమెంటు లైనింగు చేసిన చోట నీళ్లు నున్నగా జారిపోతాయి. లైనింగు పగిలి, రాళ్లు తేలి, గడ్డి మొలిచిన చోట అవే నీళ్లు సుళ్లు తిరుగుతూ మందగిస్తాయి. రాళ్లు కాలువ లోతుతో పోలిస్తే చిన్నవే అయినా గట్టును ఆనుకొని పారే నీటిని అవి చెదరగొడతాయి, ఆ చెదురు పైకి పాకుతుంది.

రెక్కను ఆనుకొని కూడా అలాంటి పలుచని గాలిపొర ఒకటి సాగుతుంది. ముందంచు దగ్గర దాని మందం మిల్లీమీటరులో చిన్న భాగం మాత్రమే. అక్కడ ఉప్పుకాగితం గరుకు చాలు, అది చెదిరిపోవడానికి. పొర చెదరకుండా సాగినంత మేర గాలి రెక్కను అంటిపెట్టుకొని ఉంటుంది. దాని వంపు వల్ల ఒక పక్కకు పుట్టే తోపుడును ఎత్తుడు బలం అనుకుందాం, విమానాన్ని లేపేదీ అదే. గాలి రెక్కను వెనక్కి పట్టుకునే బలాన్ని లాగుడు బలం అనుకుందాం. ఇంజనీర్ల భాషలో ఇవి లిఫ్ట్, డ్రాగ్. పొర చెదిరితే ఎత్తుడు తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది. నున్నని మంచి రెక్కలో ఎత్తుడు లాగుడుకు వందరెట్లకు కూడా మించుతుంది. లాభనష్టాల మధ్య అంత తేడా ఉన్న వ్యాపారంలో నష్టం కాస్త పెరిగితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. అయితే ఎత్తుడులో చిన్న భాగమే రెక్కను తిప్పుతుంది, లాగుడు బలం మాత్రం దాదాపు మొత్తం తిరుగుడుకు ఎదురుగా, అదీ అత్యధిక వేగంతో సాగే కొస దగ్గర పనిచేస్తుంది.

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో సరీన్, సప్రే, సెలిగ్ అనే పరిశోధకులు అరిగిన ముందంచులను నకలు చేసి గాలి సొరంగంలో పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. అరుగుదల స్వల్పంగా ఉన్నా లాగుడు బలం 80 శాతం పెరగవచ్చని, దానివల్ల ఏడాది ఉత్పత్తిలో సుమారు 5 శాతం పోవచ్చని వాళ్ల లెక్క తేల్చింది. పొరలే లేచిపోయినంత తీవ్రమైన అరుగుదలలో నష్టం 25 శాతం దాకా వెళ్లవచ్చన్నారు. అంతదాకా ఎవరూ రానివ్వరు కాబట్టి 2, 3 శాతమే పోయిందనుకుందాం. రెండు మెగావాట్ల మర ఏడాదికి 45 లక్షల యూనిట్లు ఇస్తుందనుకుంటే, అందులో 3 శాతం 1,35,000 యూనిట్లు. నెలకు 150 యూనిట్లు కాల్చే ఇళ్లు 75 ఏడాదంతా వెలగడానికి సరిపోయే కరెంటు ఒక్క మర దగ్గరే జారిపోతుంది.

తాడుకు వేలాడుతూ లప్పం పని

మరమ్మతు నేల మీదే మొదలవుతుంది. డ్రోనుతోనో, దూరాన్ని దగ్గరగా చూపే కటకమున్న కెమెరాతోనో రెక్కను గజం గజం ఫొటో తీసి, ఏ చోట ఏ దశలో ఉందో రాసుకుంటారు. మొదటి దశలో సూదిబెజ్జాలు. రెండో దశలో అవి కలిసి గుంటలవుతాయి, పూత కింది పొర బయటపడుతుంది. మూడో దశలో గాజునార పొరలే అట్టలు లేచినట్టు లేస్తాయి. మొదటి రెండు దశల్లో పని చర్మానిది, మూడోది కండది. చర్మం పనికి ఒక రోజు పట్టే చోట కండ పనికి మూడు నాలుగు రోజులు పడుతుంది. గాలి రోజులు రాకముందే పని ముగించాలన్న తొందర అందుకే.

మరను ఆపి, రెక్క కదలకుండా లోపల గడియ బిగిస్తారు. ఒక్కో మనిషికి రెండేసి తాళ్లు ఉంటాయి, ఒకటి వేలాడడానికి, రెండోది మొదటిది తెగితే పట్టుకోవడానికి. గాలి సెకనుకు పది, పన్నెండు మీటర్లు దాటితే పని ఆపి దిగిపోవాలి.

పైకి చేరాక మొదటి పనిముట్టు వేలు. కుండ కొనేవాళ్లు వేలి కణుపుతో కొట్టి చూసినట్టే అంచు పొడవునా కొట్టుకుంటూ పోతారు. గట్టిగా ఉన్న చోట ఖంగుమంటుంది, లోపల పొర విడిపోయిన చోట డొల్లగా బొదబొదమంటుంది. ఆ డొల్ల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పెన్సిలుతో గీత గీస్తారు. తరువాత మట్టి, జిడ్డు, పురుగుల మరకలు కడిగి స్పిరిటుతో తుడుస్తారు. కడగకుండా రుద్దితే జిడ్డు గీతల్లోకి దిగిపోయి కొత్త పూతను పట్టనివ్వదు. ఊడిన మరమ్మతుల వెనక చాలాసార్లు ఉండేది ఈ ఒక్క తొందరపాటే.

రుద్దుడు 80 నంబరు ఉప్పుకాగితంతో మొదలవుతుంది. ఇక్కడ ఒక నేర్పు ఉంది. గుంటను గుంటగా వదలకూడదు, దాని అంచులను పళ్లెం అంచులా చుట్టూ జారుగా పలచబరుస్తూ పోవాలి. గాజునార చిరిగిన చోట ఈ జారు ఇంకా పొడుగ్గా ఉండాలి: ఒక మిల్లీమీటరు లోతుకు కనీసం 20 మిల్లీమీటర్ల జారు, బరువు మోసే చోట అంతకన్నా ఎక్కువ. చెరువు కట్టకు గండి పూడ్చేటప్పుడు పాతకట్టను మెట్లుమెట్లుగా చెక్కి కొత్తమట్టిని దానితో కలుపుతారు. నిలువుగా కోసి పక్కన మట్టి పోస్తే అతుకు దగ్గరే మళ్లీ తెగుతుంది. జారు మీద గాజునార గుడ్డ ముక్కలను ఒకదానికంటే ఒకటి కొంచెం పెద్దదిగా పరుస్తూ, జిగురుతో తడుపుతూ, చిన్న రోలరుతో గాలిబుడగలు బయటికి నెడతారు.

జిగురు కలపడంలో వంటింటి పాకం తెలిసినవాళ్లకు కొత్తేమీ ఉండదు. ఎపాక్సీలో గట్టిపరిచే మందు కలిపిన నిమిషం నుంచే అది ముదరడం మొదలవుతుంది, ముదురుతూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి ఇంకా తొందరగా ముదురుతుంది. ఎండ 10 డిగ్రీలు పెరిగితే చేతిలో ఉండే వ్యవధి సుమారు సగమవుతుంది. 25 డిగ్రీల దగ్గర అరగంట చేతిలో ఉండే జిగురు 40 డిగ్రీల ఎండలో పది, పదిహేను నిమిషాలకే తీగ సాగి గడ్డకడుతుంది. లోతైన గిన్నెలో ఎక్కువ కలిపితే పొగలు కూడా కక్కుతుంది. అందుకే మార్చి, ఏప్రిల్ పనిలో కొద్దికొద్దిగా కలిపి వెడల్పు పళ్లెంలో పలుచగా పోసుకుంటారు, నీడ పడ్డ పక్కనే పూస్తారు. చలికాలం పొద్దుటి బెడద వేరు. మంచుకు రెక్క మీద కంటికి ఆనని తడి ఉంటుంది, ఎండ ఎక్కి అది ఆరేదాకా డబ్బా మూత తీయరు.

పొర గట్టిపడ్డాక లప్పం. ఇంటి గోడకు పెట్టే లప్పంలాంటిదే, ఎపాక్సీదో పాలియురేతేన్‌దో. దాన్ని వంగే పలకతో అంచు వంపు మీదుగా ఒక్క లాగులో సాగదీస్తారు. ఆరాక 120, ఆపైన 240 నంబరు కాగితం. ఈ దశలో చేయి కన్నును మించుతుంది. కళ్లు మూసుకొని అరచేతిని ముందంచు మీద అడ్డంగా జరిపితే పదో వంతు మిల్లీమీటరు ఎగుడు కూడా తెలిసిపోతుంది. అయితే నునుపు ఒక్కటే చాలదు, వంపు కూడా పాతదే కావాలి. నున్నగా ఉండి బల్లపరుపైన అంచు గాలిని సరిగా చీల్చలేదు. అందుకే మూలరూపానికి తగ్గట్టు కోసిన అట్టను అంచుకు ఆనించి, మధ్యలో వెలుతురు దూరుతోందా అని చూస్తారు.

తెరచాప పలక మీద సముద్రంలో ఆడేవాళ్లు కూడా ఇదే పని ఒళ్లో పెట్టుకొని చేసుకుంటారు. పలక అడుగున చేపరెక్కలాంటి ఫిన్ ఒకటి ఉంటుంది. అదీ గాజునార, ఎపాక్సీలదే. ఒడ్డున ఇసుకకు, రాళ్లకు గీసుకొని దాని నునుపు పోతుంది. ఎపాక్సీతో గుంటలు నింపి, 400, 600, 800 నంబర్ల కాగితాలను నీళ్లలో తడిపి రుద్దుతారు. అక్కడ జానెడు, మూరెడు రెక్క, ఇక్కడ 50 మీటర్లది. కాగితం, లప్పం, అరచేయి రెండు చోట్లా ఒకటే.

తొడుగు

మరమ్మతు చేసిన అంచును మళ్లీ పాత పూతతోనే వదిలేస్తే మళ్లీ పాత దారే పడుతుంది. అందుకని చివర ఒక రక్షణ తొడుగు వేస్తారు. గట్టి పూత కావాలా, సాగే పూత కావాలా అన్నది ఇక్కడి చిక్కు. గాజుపలక లాంటి గట్టి పదార్థం నేరుగా పడే దెబ్బకు పెచ్చులూడుతుంది. రబ్బరులాంటిది నేరు దెబ్బను మింగి వెనక్కి వస్తుంది కానీ, వాలుగా గీసే రేణువుకు త్వరగా కోతపడుతుంది. ముందంచు నడిమధ్యన దెబ్బలు నేరుగా, దానికి పైనా కిందా వాలుగా పడతాయి. రెండింటినీ ఓర్చుకునేలా సాగుతూనే త్వరగా వెనక్కి వచ్చే పాలియురేతేన్‌ను ఎక్కువగా వాడుతున్నారు. ఎడారి ఇసుకలో దిగే హెలికాప్టర్ల రెక్కలకు అంటించిన పట్టీల అనుభవం ఇక్కడ పనికొచ్చింది.

ఈ రక్షణ మూడు రూపాల్లో దొరుకుతుంది: బ్రష్షుతో పూసే చిక్కటి ద్రవం, అంటించే పట్టీ, అంచు వంపుకు ముందే పోతపోసిన తొడుగు. ద్రవమైతే తడిగా ఉండగానే దువ్వెన పళ్లలాంటి కొలబద్దను గుచ్చి ఎంత మందం పడిందో చూసుకుంటారు. పలుచగా పడితే ఆయుష్షు తక్కువ, మందంగా పడితే కిందికి జారి అలలు కడుతుంది. పట్టీని నడిమధ్య గీత మీద ముందు ఆనించి, రబ్బరు పలకతో మధ్య నుంచి పక్కలకు ఒత్తుతూ పోతారు. మిగిలిన ఒక్క బుడగ కూడా ఎండకు ఉబ్బి, దుమ్ముకు చిల్లుపడి, అక్కడి నుంచి పట్టీ మొత్తం లేవడానికి దారి చూపిస్తుంది. పట్టీ అంచు కూడా ఒక చిన్న మెట్టే, గాలిపొరను అది కొంత చెదరగొడుతుంది. అయినా గుంటలు పడ్డ అంచు కన్నా నయం.

తొడుగుతో పని లేకుండా దెబ్బనే తగ్గించే ఆలోచన కూడా ఉంది. పెద్ద వాన పడే కొద్ది గంటలు మరను నెమ్మదిగా తిప్పితే చాలు, అంచు ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుందని డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో లెక్క కట్టి చూపారు. ఏడాదిలో అలాంటి గంటలు తక్కువ కాబట్టి పోయే కరెంటూ తక్కువే. సీమలో దుమ్ము మాత్రం గంటల లెక్కన రాదు, గాలి ఉన్నన్నాళ్లూ ఉంటుంది. గాలి ఉన్నన్నాళ్లే కరెంటు కూడా. ఆ ఉపాయం ఇక్కడ ఉరుముల వానకు పనికొస్తుంది, ఆషాఢానికి కాదు.

దిగేముందు ఎంత లప్పం, ఎంత జిగురు, ఎంత పట్టీ వాడారో తూకంతో సహా రాసుకుంటారు. మూడు రెక్కలూ సరితూగాలి. కొస దగ్గర చేరిన కొద్ది కిలోలు కూడా గానుగ దూలం చివరి బరువులా పెద్దవైపోతాయి. మరను మళ్లీ తిప్పాక మొదటి వారంలో కింద నిలబడి చెవి పెట్టి వింటారు. ఒక రెక్క వంతు వచ్చినప్పుడల్లా సన్నని ఈల వినిపిస్తే, దాని పట్టీ ఎక్కడో కొస లేచిందన్నమాట.